ఒంటి తుమ్ము

ఈదయ్య తుమ్మడం మొదలుపెట్టాడంటే తొమ్మిదికి తక్కువ ఆగడు. పదకొండు దాకా పోయిన రోజులు కూడా ఉన్నాయి. నేరేడుచర్ల చుట్టుపక్కల ఏ కల్లంలో వడ్లు కొలవాలన్నా ఈదయ్యే రావాలి. ఈదయ్య వచ్చాడంటే ఆయన వెంట తుమ్ములూ రావాలి. దుమ్ము లేవగానే కుంచం పక్కన పెట్టి, మొహం ఆకాశంకేసి ఎత్తి, నోరు తెరిచేవాడు. ఇంక చుట్టూ ఉన్నవాళ్లకు పండగే. ఎవరో ఒకరు గొంతెత్తి అందుకునేవారు.

"లాభం!"

వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అనరు, ఆరున్నొకటి అంటారు. పొద్దంతా ఈదయ్య నోట వినే లెక్కే గనక ఆయన తుమ్ములను కూడా ఊరు అదే లెక్కన కొలిచేది. "రెండు! మూడు!" అని పిల్లాజెల్లా అరుస్తుంటే, "ఆరున్నొకటి" దగ్గర ఆడవాళ్లు చేటలు కింద పెట్టి మరీ నవ్వేవారు. చివరికి ఈదయ్య కండువాతో ముక్కు తుడుచుకుని, ఎర్రబడ్డ కళ్లతో తనూ నవ్వి, మళ్లీ కుంచం అందుకునేవాడు.

నిజానికి తుమ్మంటే ఆ ఊరికి అంత చులకన లేదు. బయల్దేరేముందు ఒంటి తుమ్ము వినబడితే ఎంత పనైనా ఆపి, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చోవలసిందే. రెండు తుమ్మితే శుభం. అయితే పడిశం తుమ్ముకు శకునం లేదు. ఈదయ్యది తొమ్మిది తుమ్ముల జబ్బు, దాన్ని ఏ శకునంలోనూ జమకట్టనక్కరలేదని పెద్దమనుషులు ఏనాడో తేల్చేశారు.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు అది. కార్తీకం వెళ్లింది, కోతలయ్యాయి. ఆ సోమవారం గేమ్యా కల్లంలో కొలత పడింది. గేమ్యా తండావాడు, పటేలు భూమిని ఇక్కడ కొంత, చెరువు కింద కొంత పాలుకు దున్నుతాడు. పండినదాంట్లో సగం పటేలుకు, సగం తనకు. పటేలు సత్యనారాయణ నులకమంచం వేయించుకుని చెట్టునీడన కూర్చున్నాడు. ఈదయ్య గొంతుకూర్చుని కుంచం నింపుతున్నాడు, అరచేత్తో అంచుదాకా గీసి గంపలో పోస్తున్నాడు. ఇరవై కుంచాలకొకసారి ఒక పిడికెడు గింజలు పక్కన కుప్పగా పెడుతున్నాడు. ఆ కుప్పలే ఆయన లెక్క. అలాంటివి నాలుగు కుప్పలైన తర్వాత గాలి తిరిగింది. తూర్పారబట్టిన పొల్లంతా వచ్చి మొహాన కొట్టింది.

ఆవేళ పక్కకు తిరిగే వ్యవధి కూడా దొరకలేదు. "లాభం" తుమ్ముకే రెండు కుప్పలు ఎగిరిపోయాయి. "తొమ్మిది" అయ్యేసరికి నాలుగు కుప్పల్లో ఒక్కటీ లేదు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. పటేలు మాత్రం నవ్వలేదు.

"ఎన్ని కుంచాలైనయిరా ఈదిగా?"

"ఎనభై... ఎనభై నాలుగో, అయిదో, దొరా."

"అయిదో, నాలుగో?"

పద్దెనిమిదేళ్లలో లెక్క తప్పడం అదే మొదలు. పోసిన వడ్లన్నీ మళ్లీ కుమ్మరించి మొదటినుంచీ కొలవవలసి వచ్చింది. పని అయ్యేసరికి పొద్దు వాలింది. పటేలు మంచం మీంచి లేస్తూ అన్నాడు.

"వచ్చే ఐతారం చెరువు కింది పెద్దకల్లం. పద్నాలుగు ఇండ్ల పాలు. ఆనాడు గిట్లనే తుమ్మి లెక్క తప్పితివా, కుంచం కాశీరాం చేతుల పెడ్త. మల్ల నన్ననొద్దు."

కాశీరాం పటేలు ఇంటి మనిషి. ఆయన కొలత ఎలా ఉంటుందో తెలియనివాడు లేడు. పటేలు భాగానికి కుంచం మీద గోపురం లేస్తుంది. పాలుకాపు భాగానికి వచ్చేసరికి అరచేయి కుంచంలోకి లోతుగా గీసుకుంటూ పోతుంది. ఇదివరకటి రోజులైతే పటేలు ఎవరికీ కారణం చెప్పనక్కరలేదు. ఇప్పుడు కాలం మారింది, జాగీర్లే పోయాయి, ఎవడు ఎక్కడ ఎవరికి అర్జీ పెడతాడో తెలియదు. అందుకని కారణం కావాలి. ఆ కారణాన్ని ఈదయ్య ముక్కు తేరగా అందించింది.

ఇంటికి వచ్చి ఈదయ్య గోడకు చేరగిలబడ్డాడు. ఆయన భార్య సైదమ్మ సంగతి విని పసుపుకొమ్ము తీసి దీపం మంటలో పెట్టింది. కొన నల్లబడి పొగ రాగానే మొగుడి ముక్కు కిందికి తెచ్చింది.

"గట్టిగ పీల్సు."

"పీలిస్తే తుమ్మొస్తదే."

"వచ్చేదేదో ఇంట్ల రానియ్యి. కల్లంల పద్నాలుగు ఇండ్ల కడుపు కొట్టకు."

ఆయన పీల్చాడు. తుమ్మాడు. ఎదురుగా నిలబడి సైదమ్మ లెక్కపెట్టింది. తొమ్మిది. తర్వాత కుండలో వావిలాకు మరిగించి, గొంగడి కప్పి ఆవిరి పట్టించింది. గొంగట్లోంచి ఇంకో తొమ్మిది వినిపించాయి. సైదమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని గొంగడివంక చూసింది.

"గిది నా చేతిల అయ్యేటట్టు లేదు. రేపు మిర్యాలగూడ అంగడి. మా జానకమ్మ పెద్దమ్మ కోదాడ నుంచి మందులు అమ్మనీకి వస్తది. పొద్దుగాల్నే పోదాం."

మర్నాడు లక్ష్మయ్య బండిలో పోయారు. లక్ష్మయ్య పద్నాలుగు ఇళ్లలో పెద్దవాడు, సైదమ్మకు మామ వరస. ఆయనకు దారి పొడుగునా ఒకటే దిగులు. "ఈదిగా, నీ ముక్కు మీద మా అందరి గింజలున్నయిరా" అని మైలుకొకసారి అనేవాడు. అన్నప్పుడల్లా ఈదయ్య తుమ్మేవాడు, ఎడ్లు చెవులు కదిలించేవి.

జానకమ్మ అంగడిలో గోనెపట్టా పరుచుకుని, వేర్లూ ఆకులూ పొడులూ ముందేసుకుని కూర్చుంది. సన్నగా, చురుగ్గా ఉంటుంది. అల్లుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని రెండు బొటనవేళ్లతో కళ్ల కింద నొక్కింది. ఈదయ్య అబ్బా అన్నాడు. కనుబొమల మధ్య నొక్కింది. మళ్లీ అబ్బా అన్నాడు.

"బాగా చేరిందమ్మా నీరు" అంది సైదమ్మతో. "ఏం అల్లుడా, రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటావు?"

"ఎక్కడేంది అత్తా, ఇంట్లనే."

"దేని మీద పడుకుంటావని అడుగుతున్నా."

"కొత్త గడ్డి పరుసుకుంట. మెత్తగ, వెచ్చగ ఉంటది."

జానకమ్మ పక్కన ఉన్న వావిలాకు కట్టతో మెల్లగా అతని నెత్తిన కొట్టింది. "పగలంతా కల్లంలో ఆ దుమ్మే, రాత్రంతా ఆ దుమ్ములోనే పొర్లాట. ఇంక తుమ్మక ఏం చేస్తావయ్యా! ఏమే సైదా, ఇన్నేళ్లూ నువ్వేం చేస్తున్నావు?"

"గడ్డి పరిసేదే నేను, పెద్దమ్మా" అంది సైదమ్మ చిన్నగా. ముగ్గురికీ ఒకేసారి నవ్వు వచ్చింది.

జానకమ్మ చెప్పినవి పెద్ద కష్టమైనవేమీ కావు. గడ్డి తీసెయ్యాలి, గొంగడి ఎండలో దులపాలి. కల్లానికి పోయేముందు రెండు ముక్కుల్లోనూ రెండేసి చుక్కలు నువ్వులనూనె వేసుకోవాలి. మొహానికి తడిబట్ట కట్టుకోవాలి. సాయంత్రం వావిలాకు ఆవిరి పట్టి, వేయించిన వాము మూటతో కళ్ల కింద కాపడం పెట్టుకోవాలి. పడుకునేముందు మిరియాల పాలు తాగాలి. చివరన ఒక చిన్న పొట్లం కట్టింది. అందులో శొంఠి, మిరియాల పొడి ఉంది.

"ముక్కు దిబ్బడేసి తల బరువెక్కితే దీన్ని ఒక్క చిటికెడు పీల్చు. ఒక్క తుమ్ముతో దిబ్బడ వదిలిపోతుంది. రోజూ పీల్చేది కాదు సుమా" అంది. పొట్లం సైదమ్మ కొంగున ముడి వేసుకుంది.

ఆ ఇంట్లో ఇంక మందుల తిరనాళ్లే. సైదమ్మ గడ్డంతా ఎత్తి బయట పడేసింది. గొంగడిని కర్రతో బాదుతుంటే వీధికి అవతలివాళ్లు తుమ్మారు. ఈదయ్యను వెల్లకిలా పడుకోబెట్టి, తల మంచం మీంచి కిందికి వాల్చి, నూనె చుక్కలు వేసేది. నూనె గొంతులోకి దిగి ఆయన గిలగిల్లాడితే, "మింగకు, పీల్సు" అని గదిమేది. వాము మూట కాలిందని ఆయన అరిస్తే తన చెంపకు ఆనించుకుని చూసి, మళ్లీ ఆయనకు పెట్టేది.

బుధవారం పొద్దున ఆరు తుమ్ములు. గురువారం నాలుగు. నాలుగే అయి ఊరుకుంటే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అయిదోదాని కోసం కాసేపు ఎదురుచూశారు. రాలేదు. శుక్రవారం మూడు. ఆ వారమంతా ఈదయ్య చిన్న కల్లాలు మూడు కొలిచాడు, ఒక్క గింజ లెక్క తప్పలేదు. తుమ్ములు లెక్కపెట్టేందుకు లేక జనానికే కాస్త చిన్నబోయినట్టయింది.

శనివారం తెల్లవారాక ఈదయ్య లేచి వాకిట్లోకి వచ్చాడు. మంచు కురుస్తోంది. ఒళ్లు విరుచుకుని, మొహం పైకెత్తి, ఒక్క తుమ్ము తుమ్మాడు. మరి రాలేదు. ఇంట్లో ఉన్న సైదమ్మ సంతోషం పట్టలేక వాకిట్లోకి ఉరికింది.

"ఒక్కటే! ఏమయ్యో, ఒక్కటే!"

అప్పుడు చూసింది వీధిలోకి. పటేలు సవారి బండి సరిగ్గా వాళ్ల వాకిలి ముందు ఆగి ఉంది. సూర్యాపేట సంతలో ఎడ్లజత కొనడానికి బయల్దేరిన బండి. పటేలు ముసుగు తీసి ఈదయ్యను చూశాడు. ఈదయ్య చేతులు జోడించాడు.

"పడిశం, దొరా."

"పడిశమా? పడిశమైతే తొమ్మిది తుమ్ముతవు గద. పద్దెనిమిదేండ్లు ఇన్నం. గిది ఒంటి తుమ్ము. నీ పెండ్లమే గల్లీల నిలవడి ఒక్కటే ఒక్కటే అని అరుస్తున్నది."

బండి వెనక్కి తిరిగింది. గడియలోపల ఊరంతా పాకింది. పటేలు ప్రయాణం ఆగింది, ఈదయ్య ఒంటి తుమ్ము తుమ్మాడు. మధ్యాహ్నం కాశీరాం వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. "ఒంటి తుమ్ము మనిషితోని లాభం అనిపిస్తమా అన్నడు పటేలు. రేపు కుంచం నేను పడ్త" అని, గోడకు వేలాడుతున్న కుంచం అడిగి పట్టుకుపోయాడు.

ఈదయ్యకు ఎదురు చెప్పాలని కూడా తోచలేదు. తోచకపోవడానికి కారణం ఉంది. ఆ తుమ్ముకు ఆయనకే భయం వేసింది. లక్ష్మయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు, తండా నుంచి గేమ్యా వచ్చాడు. ఎవరూ పటేలుది అన్యాయం అనలేదు. లక్ష్మయ్య మాత్రం నేలకేసి చూస్తూ అన్నాడు.

"మంచిగయ్యి సంపినవు గదరా ఈదిగా. మునుపటి తీరు తొమ్మిది తుమ్మితే ఏం పోయేది?"

వాళ్లు వెళ్లగానే ఈదయ్య లేచాడు. బయట పారేసిన గడ్డి చంకన పెట్టుకుని లోపలికి తెచ్చాడు. పరిచాడు. బోర్లా పడుకుని మొహం అందులో దూర్చాడు.

"ఏం జేస్తున్నవయ్యా?" అంది సైదమ్మ.

"తొమ్మిది కావాలె. పొద్దుగాల కల్లంల తొమ్మిది తుమ్మి సూపెడ్త. పడిశమే అని ఒప్పుకుంటరు."

గడ్డిని పిడికిట నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పొల్లు తన మీద చల్లుకున్నాడు. గొంగడి నెత్తిన దులుపుకున్నాడు. ఒక్కటీ రాలేదు. ముక్కు రెండు రంధ్రాల్లోనూ గాలి హాయిగా ఆడుతోంది. ఈదయ్యకు ఏడుపు వచ్చింది. పద్దెనిమిదేళ్లు వద్దు వద్దన్నా వచ్చినవి, ఒక్కరోజు రమ్మంటే రావడం లేదు.

సైదమ్మ ఆయన నెత్తిన గడ్డిపోచలు ఏరింది. నవ్వాలో ఏడవాలో తెలియక నవ్వింది. "ముక్కు మంచిగైనందుకు ఏడ్సేటోన్ని నిన్నే సూసిన. లే, మొకం కడుక్కో" అంది. తర్వాత కొంగు సర్దుకుంది. "లక్ష్మయ్య మామకు తలనొప్పన్నడు. మందిచ్చి వస్త. పక్కింటి ఆండాలుకు గూడ."

ఆమె తిరిగి వచ్చేసరికి మిరియాల పాలు చల్లారిపోయాయి. ఇద్దరికి మందివ్వడానికి అంతసేపు ఎందుకో ఈదయ్య అడగలేదు. అడిగే ఓపిక లేదు.

ఆదివారం ఎండెక్కేసరికి పెద్దకల్లం నిండా జనం. నడుమ వడ్ల రాశి. పక్కన దారి మీద పటేలు భాగాన్ని మిర్యాలగూడ మిల్లుకు తోలడానికి కిరాయికి వచ్చిన బండ్లు ఆరు. పటేలు మంచం మీద కూర్చున్నాడు. ఈదయ్య దూరంగా, అందరి వెనకా నిలబడ్డాడు. ఆయన రానంటే సైదమ్మ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

కాశీరాం రాశికి మొక్కి కూర్చున్నాడు. కుంచం నింపాడు. గోపురం లేపాడు.

"లాభం!"

లక్ష్మయ్య తుమ్మాడు. ఒక్కటే తుమ్ము.

కాశీరాం పటేలుకేసి చూశాడు. నిన్ననే ఒక్క తుమ్ముకు బండి మళ్లించుకుని వచ్చినవాడు ఇవాళ కానియ్యమని ఎలా అంటాడు? "నీళ్లు తాగి కూసో జరసేపు" అన్నాడు. కాశీరాం కుంచం కుమ్మరించి, నీళ్లు తాగి, కూర్చుని, మళ్లీ లేచి రాశికి మొక్కాడు.

"లాభం!"

ఆండాలు చేట అడ్డం పెట్టుకుని తుమ్మింది. ఒక్కటే.

"ఏందే ఇది?" అన్నాడు పటేలు.

"ఏం జెయ్యాలె పటేలా, వచ్చింది" అంది ఆండాలు నీళ్లు నిండిన కళ్లతో.

మళ్లీ నీళ్లు, మళ్లీ కూర్చోవడం. ఈసారి కాశీరాం గొంతు తగ్గించి, ఎవరికీ వినబడకుండా మెల్లగా "లాభం" అన్నాడు. వినబడనే వినబడింది. గేమ్యా తుమ్మాడు. ఆ తుమ్ముకు దారి మీది ఎడ్లు తలలెత్తాయి. తుమ్మి, ఏమీ ఎరగనట్టు తలపాగా సర్దుకుని నిలబడ్డాడు. ఎవరూ నవ్వలేదు. పద్నాలుగు ఇళ్లవాళ్లూ మొహాలు బిగబట్టుకుని నేలచూపులు చూస్తున్నారు. ఈదయ్యకు అప్పుడు అనుమానం వచ్చి సైదమ్మ కొంగుకేసి చూశాడు. కొంగున ముడి లేదు. సైదమ్మ ఆకాశంలోకి చూస్తోంది.

పొద్దు నడినెత్తికి వచ్చింది. బండ్లవాళ్లు ఎడ్లు విప్పేసి, కిరాయి సంగతేమిటని గొణగడం మొదలుపెట్టారు. లెక్క లాభం దాటి రెండు కాలేదు. ఏడోసారో ఎనిమిదోసారో కాశీరాం విసురుగా కుంచం రాశిలో గుచ్చాడు. పొల్లు ఒక్కసారిగా లేచింది. "లా" అన్నాడు, నోరు అలాగే తెరిచి ఉండిపోయింది, మొహం ఆకాశంకేసి లేచింది. తుమ్మాడు. ఒక్కటే. ఆ తుమ్ముకు ఏ పొడీ అక్కర్లేకపోయింది.

పటేలు మంచం మీంచి లేచిపోయాడు. "అరె, దుమ్ములోని తుమ్ముకు శకునమేందిరా? కొలువు నువ్వు, కొలువు!"

"గట్లనా పటేలా?" అంది ఆండాలు. గొంతు చాలా వినయంగా ఉంది. "దుమ్ములోని తుమ్ముకు శకునం లేదా?"

"లేదన్న గద!"

"మరి నిన్న ఈదయ్య మామది? పద్దెనిమిదేండ్ల దుమ్ము తుమ్మే గద."

పద్నాలుగు ఇళ్లవాళ్లు ఇప్పుడు నేలను చూడటం మానేసి పటేలునే చూస్తున్నారు. లక్ష్మయ్య తుమ్మబోతున్నట్టు మెల్లగా తల పైకెత్తాడు. పటేలు ఆ తల చూశాడు, ఎడ్లు విప్పేసిన బండ్లను చూశాడు, రాశిని చూశాడు.

"ఇయ్యిరా ఆ కుంచం వానికి" అన్నాడు కాశీరాంతో. "వాడు ఒక్కటి తుమ్ముతడో నూరు తుమ్ముతడో తుమ్మనియ్యి. నా బండ్లు కదలాలె."

అప్పుడు నవ్వారు జనం. పొద్దున్నుంచీ బిగబట్టుకున్నదంతా ఒక్కసారి వదిలారు. గేమ్యా కింద కూర్చుని మరీ నవ్వాడు. సైదమ్మే ఈదయ్యను వెనక నుంచి తోసింది.

ఈదయ్య రాశి ముందు గొంతుకూర్చున్నాడు. కుంచం చేతిలోకి వచ్చింది. మొదటి కొలత నోరారా పలకాలని మొహానికి కట్టిన తడిబట్ట కిందికి లాగాడు. కుంచం నింపి, అరచేత్తో అంచుదాకా గీసి ఎత్తబోతూ ఆగిపోయాడు. ముక్కుపుటాలు అదిరాయి. కళ్లు మూతపడ్డాయి. కల్లమంతా ఊపిరి బిగబట్టింది.

"ఏమయ్యో" అంది సైదమ్మ భయంగా. "వస్తున్నదా?"

"వస్తున్నదే" అన్నాడు ఈదయ్య కళ్లు తెరవకుండా. "వాసన."

"ఏం వాసనయ్యా?"

"వడ్లది."

పద్దెనిమిదేళ్లలో వేల కుంచాల వడ్లు ఆయన చేతుల మీదుగా పోయాయి. కొత్త వడ్లకు ఒక వాసన ఉంటుందని, అది ఇంత తియ్యగా ఉంటుందని ఆయనకు ఆనాటిదాకా తెలియదు. కుంచం మొహం దగ్గరికి తెచ్చుకుని ఇంకోసారి గట్టిగా పీల్చాడు. బండ్లవాళ్లు దారి మీంచి కేకలేస్తున్నారు. పటేలు "కానియ్యిరా" అంటున్నాడు.

"ఉండుండ్రి దొరా" అన్నాడు ఈదయ్య. జన్మలో మొదటిసారి పటేలుకు ఆగమని చెప్పాడు. కడుపునిండా మూడోసారి వాసన పీల్చి, కుంచాన్ని గేమ్యా గంపలోకి వంచి, చెరువు అవతలి గట్టుకు వినబడేటట్టు అరిచాడు.

"లాభం!"